ఇంటర్‌ల చేరిన బిడ్డకు

బిడ్డా,

దేవరకొండ నుంచో, కల్వకుర్తి నుంచో మూట సర్దుకొని నల్లగొండ, పాలమూరు హాస్టళ్లకు వచ్చే వయసులనే మనసు ఒకరి మీదికి పోతది. నచ్చుడు తప్పు కాదు. ఎట్ల అడగాలె, "వద్దు" అంటే ఎట్ల తీసుకోవాలె అన్నది ఎవ్వరూ నేర్పరు. గందుకే ఈ ఉత్తరం.

ముందుగాల ధైర్యం సంగతి. నలుగురిల లేచి నిలబడంగనే గుండె కొట్టుకునుడు పిరికితనం కాదు, ఒంట్లె అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుడు. నాలుగు లెక్కపెట్టేదాక గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాక మెల్లగ వదులు. ఐదుసార్లు చాలు. గబగబ పీలిస్తే మాత్రం తల తిరుగుతది. రోజూ పది నిమిషాలు పేపర్ పైకి చదివి, ఫోన్‌ల రికార్డు చేసుకొని విను. ఎక్కువమంది వాక్యం చివరి మాట మింగేస్తరు. విన్నప్పుడే ఆ సంగతి ఎరుకైతది. రాత్రి ఒక డౌటు నోట్‌బుక్‌ల రాసుకొని, తెల్లారి క్లాసుల అదొక్కటే అడుగు. అప్పటికప్పుడు అడగబోతే మాట తడబడతది. మన యాసకు ఎవరన్న నవ్వితే నవ్వనీ, యాస మార్చుకోకు. చెప్పే విషయం తెల్వకపోతేనే సిగ్గుపడాలె.

ఇగ నచ్చిన మనిషి సంగతి. మొదలు కొన్నాళ్లు మామూలుగ మాట్లాడు. చెప్పాలనుకుంటే దోస్తులతోని చెప్పియ్యకు, బస్టాండ్ల గుంపేసుకొని పోయి అసలే అడగకు. గుంపును చూస్తే అవతలి మనిషి భయపడతది, భయంల చెప్పిన "సరే"కు విలువ లేదు. మందిల ఉన్నా మాట ఎవరికీ వినపడని చోట, రెండే మాటలు: "నువ్వంటే నాకిష్టం. నీకు లేకపోతే లేదని చెప్పు, నేను మళ్ల అడగను." గంతే. నవ్వితే ఒప్పుకున్నట్టు కాదు. జవాబు రాకపోతే వద్దన్నట్టే. రెండోసారి అడగకు.

వద్దన్నంక ఎనకాల తిరుగుడు, కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు పెట్టుడు ప్రేమ కాదు. ఆడపిల్ల ఇష్టం లేదని చెప్పినా మళ్లమళ్ల వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేండ్ల దాక జైలు పడొచ్చు. ఇంకో మాట చానమంది పోరగాళ్లకు తెల్వదు: 18 నిండని పిల్లతోని శారీరక సంబంధం పెట్టుకుంటే, ఆమె ఒప్పుకున్నా 2012 నాటి పోక్సో చట్టం కింద కేసైతది.

వద్దని చెప్పాల్సింది నువ్వే అయితే సాకులు చెప్పకు. "పరీక్షలున్నయి" అంటే పరీక్షలు అయినంక మళ్లొస్తడు. "ఇంట్ల ఒప్పుకోరు" అంటే ఇంట్లోళ్లను ఒప్పిస్తనంటడు. "నాకిష్టం లేదు, మళ్ల అడగొద్దు" అను. కారణం చెప్పాల్సిన బాకీ నీకు లేదు. ఆగకపోతే ఆడపిల్లల రక్షణకున్న పోలీసు షీ టీమ్స్‌కు గాని, 112కు గాని ఫోన్ చెయ్యి.

ఒంటి మీద బట్టల్లేని ఫొటో ఎవరికీ పంపకు, ఎంత నమ్మినా సరే. పంపినంక బెదిరింపు వస్తే పైసలియ్యకు. ఒకసారి ఇస్తే మళ్ల అడుగుతరు. భయంతోని చాట్ డిలీట్ చేస్తరు, అక్కడనే సాక్ష్యం పోతది. తేదీ, నంబరు, ప్రొఫైల్ పేరు కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి, నమ్మకమైన ఒక పెద్దమనిషికి చెప్పు. సైబర్ నేరాలకు 1930, పిల్లలకు 1098. నువ్వు తప్పు చేసినవని తిడతరన్న భయంతోనే పిల్లలు ఆలస్యం చేస్తరు. తిట్లు నాలుగు రోజులుంటయి, పడితే పడు.

కులం మాట దాటెయ్యను. మన దిక్కు కులం చూసి ప్రేమికుల మీదికి కత్తులు లేపినోళ్లున్నరు. అది పెద్దల తప్పే, పిల్లలది కాదు. అయినా మైనార్టీ తీరకముందు ఇల్లిడిసి పోకు. చట్టం ప్రకారం పెండ్లికి పిల్లకు 18, పిల్లగానికి 21 నిండాలె. 18 నిండని పిల్లను తీస్కపోతే కిడ్నాప్ కేసు పడతది, ఇద్దరి చదువూ ఆగిపోతది. డిగ్రీ, చేతిల సొంత జీతం ఉన్నప్పుడు నీ మాటకు బలముంటది.

మనసు విరిగితే మొదటి రోజులే పెద్ద గండం. ఆ నంబర్ మ్యూట్ చెయ్యి, స్టేటస్‌లు చూడకు. చూసినప్పుడల్ల పుండు రేగుతది. హాస్టల్ రూంల ఒక్కదానివే, ఒక్కనివే తినకు, మెస్సుకు పోయి నలుగురితోని తిను. నీ వయసుకు రాత్రి ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ నిద్ర కావాలె. నిద్ర చెడితే బాధ రెండింతలు అనిపిస్తది. సచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాక ఆగకు. పక్క మంచం మీదున్న దోస్తును లేపు, వార్డెన్‌ను లేపు, మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చెయ్యి. ఏ రాత్రయినా తెలుగులనే మాట్లాడతరు, పైసా ఖర్చుండదు.

మీ పెద్దమ్మ