ఒడ్డున గ్యాస్ మంట, సముద్రంలో రిగ్గులు... బాబు ఆయాసం అందుకేనా?

ప్రశ్న: మాది కోనసీమలో సముద్రం పక్క ఊరు. బాబుకు తొమ్మిదేళ్లు. మధ్యాహ్నం దగ్గు మొదలై రాత్రికి పిల్లికూతలు వస్తున్నాయి. ఊరి దగ్గర్లో గ్యాస్ టెర్మినల్ మంట, సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వే రిగ్గులు ఉన్నాయి. పంపు అలవాటైపోతుందని అత్తగారు వద్దంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు పంపు సంగతి. ఇన్‌హేలర్ అలవాటు పడే మందు కాదమ్మా. నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి సిరప్ కన్నా చాలా తక్కువ డోసు సరిపోతుంది. మీరు రాసినవి ఉబ్బసం లక్షణాల్లా ఉన్నాయి. పిల్లల డాక్టర్‌కి చూపించి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల శక్తి కొలిచే పరీక్ష) చేయించండి, ఈ వయసు పిల్లలు బాగానే ఊదగలరు. పంపు రాస్తే స్పేసర్‌తో (మందు నోట్లోనే ఆగిపోకుండా పంపుకు తగిలించే గొట్టంతో) వాడండి. దగ్గు తగ్గిందని మీ అంతట మీరు మానేయొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక గాలి. గ్యాస్ మంట నుంచి, రిగ్గుల మీది డీజిల్ ఇంజిన్ల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నటి మసి వస్తాయి. ఉబ్బసాన్ని రేపేవి ఇవే. పగలు ఎండెక్కాక గాలి సముద్రం మీంచి ఊళ్లోకి వీస్తుంది, రాత్రి ఒడ్డు నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. అందుకే మధ్యాహ్నం దగ్గును తేలిగ్గా తీసుకోలేను. దూరాన ఉన్న రిగ్గు కన్నా ఊరి పక్క మంట మీదే నా అనుమానం ఎక్కువ. రాత్రి పిల్లికూతలకు మాత్రం దోమల చక్రం, కట్టెల పొయ్యి పొగ కూడా కారణం కావచ్చు. చక్రం ఇవాళే ఆపి దోమతెర కట్టండి.

ఒక నోటుబుక్కులో రోజూ రాయండి: మంట పెద్దదా చిన్నదా, నల్లపొగ ఉందా, గాలి ఎటు నుంచి, దగ్గు ఎప్పుడు, పంపు ఎన్నిసార్లు. చికిత్సకు నాకైతే ఇదే పెద్ద ఆధారం.

అయితే ఇది మందులతోనే తీరే సమస్య కాదు. కాలిఫోర్నియా తీరంలో రాష్ట్ర జలాల హద్దు దాటి 25 మైళ్ల వరకు ఉన్న రిగ్గులకూ ఒడ్డున ఉండే వాయు నిబంధనలే వర్తిస్తాయి. 1990లో అమెరికా చట్టం సవరించి పెట్టిన రూలు అది. మన దగ్గర 2020లో చమురు, గ్యాస్ అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నారు. ఆ గాలి పీల్చే ఊరిని అడగకపోవడం నా దృష్టిలో తప్పే. గాలి హద్దుల్లోనూ మనది సడలింపే: పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు చేరే అతి సన్నటి ధూళి, రోజు సగటుకు మన పరిమితి ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15.

టెర్మినల్‌కు 1981 వాయు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఆ షరతుల కాపీ సమాచార హక్కు కింద అడగండి. ఊళ్లో గాలి కొలిచే యంత్రం పెట్టమని అర్జీ రాసి, నోటుబుక్కు జిరాక్స్, స్పైరోమెట్రీ రిపోర్టు జతచేసి కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఊళ్లో ఇంకెవరి పిల్లలకైనా ఇలాగే ఉంటే వాళ్లనీ వెంటబెట్టుకెళ్లండి.