బాబుకు ఏడీహెచ్‌డీ మందులు మేమే ఆపేయవచ్చా?

ప్రశ్న: నేను పిల్లల సంరక్షణ గృహంలో పనిచేస్తున్నాను. ఐదు నెలల క్రితం మరో గృహం నుంచి పదమూడేళ్ల బాబును మా దగ్గరికి పంపారు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) అని ఉదయం మిథైల్‌ఫెనిడేట్, రాత్రి రిస్పెరిడోన్ వేస్తున్నాం. పాత చీటీ తప్ప వివరాలేమీ లేవు. మధ్యాహ్నం కంచంలో అన్నం అలాగే వదిలేస్తాడు. ఉదయం ఎంత లేపినా లేవడు. ఈ మందులు అలవాటైపోతాయని తోటివారు భయపెడుతున్నారు. ఆపేయమంటారా?

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. అలాగని పాత చీటీ చూసి మరో ఐదు నెలలు వేస్తూ పోవద్దు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.

ఆకలి తగ్గడం మిథైల్‌ఫెనిడేట్ వల్లే కావచ్చు. మామూలు రకమైతే దాని ప్రభావం నాలుగు గంటల వరకు, నెమ్మదిగా విడుదలయ్యే రకమైతే సాయంత్రం దాకా ఉంటుంది. అందుకే మాత్రకు ముందే కడుపునిండా టిఫిను, వీలైతే గుడ్డు, పాలు పెట్టండి. మందు దిగిపోయాక ఆకలి వేస్తుంది, నెమ్మది రకమైతే అది రాత్రి ఏ ఏడింటికో ఎనిమిదింటికో కావచ్చు. అప్పటికి వంటగది మూసేస్తే పిల్లవాడు పస్తు పడుకున్నట్టే. అతని కోసం ఒక పళ్లెం తీసి ఉంచండి.

రిస్పెరిడోన్ సంగతి వేరు. అది ఏడీహెచ్‌డీకి మందు కాదు. పట్టలేని కోపం, ఇతరులను కొట్టడం వంటివి ఉన్నప్పుడు కొంతకాలం ఇస్తాం. ఉదయం మత్తు బహుశా దానివల్లే. బరువు, రక్తంలో చక్కెర కూడా పెరగవచ్చు. ఆపాలంటే డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. గృహాల్లోని పిల్లలకు ఈ మందు ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేకుండానే సాగిపోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. ఇంట్లో అయితే ‘ఈ మాత్ర ఇంకా ఎందుకండీ?’ అని తల్లి అడుగుతుంది. ఈ బాబు తరఫున ఆ మాట మీరే అడగాలి.

రోగ నిర్ధారణను కూడా మళ్లీ చూడమనండి. ఇల్లు విడిచిన దుఃఖం, దెబ్బలు తిన్న భయం, నిద్ర చాలకపోవడం, సరిగా వినపడకపోవడం కూడా పైకి ఏడీహెచ్‌డీలాగే కనిపిస్తాయి. ఏడీహెచ్‌డీ అయితే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, బడిలోనూ గృహంలోనూ కనిపించాలి. చిన్నప్పుడు ఎలా ఉండేవాడో పాత గృహం వారిని, బంధువులు ఉంటే వారిని, బాలల సంక్షేమ సమితి ద్వారా అడిగించండి. జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి గానీ, 18 ఏళ్లలోపు పిల్లలను చూసే ప్రభుత్వ కేంద్రం డీఈఐసీకి గానీ తీసుకెళ్లండి. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక అలవాటు భయం. డాక్టరు చెప్పిన మోతాదులో మింగితే మిథైల్‌ఫెనిడేట్ వ్యసనంగా మారడం అరుదు. అయితే అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై కఠిన నియంత్రణ ఉన్నది కాబట్టి బీరువాలో తాళం వేసి, లెక్క రాసి ఉంచండి. ప్రతి దుకాణంలోనూ దొరకదు, నిండుకోవడానికి వారం ముందే చీటీ రాయించుకోండి.

ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, చచ్చిపోతానన్నా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. మిగతా రోజుల కోసం ఒక నోటుపుస్తకం పెట్టండి. బరువు, ఎత్తు, నాడి, రక్తపోటు, తిండి, నిద్ర, టీచరు చెప్పింది, మందు వేసుకుంటే ఎలా ఉందో బాబు చెప్పింది అందులో రాయండి. రేపు అతణ్ని ఇంకో గృహానికి పంపితే మాత్రలతోపాటు ఆ పుస్తకాన్నీ చేతికిచ్చి పంపండి.