ఫ్లడ్‌లైట్ల కప్ ఫైనల్ పట్టపగలు ఎందుకు ఆడారు?

బీబీసీ2 ఫ్లడ్‌లిట్ ట్రోఫీ అంటే రాత్రిపూట లైట్ల కింద ఆడే రగ్బీ లీగ్ (జట్టుకి పదమూడు మంది ఆడే రగ్బీ) కప్ కదా, మరి 1973 ఫైనల్ మధ్యాహ్నం జరిగిందంటున్నారు, నిజమేనా అని అడిగారు. నిజమే. 1973 డిసెంబర్ 18, మంగళవారం. విడ్నెస్ జట్టును వాళ్ళ సొంత గ్రౌండ్ నాటన్ పార్క్‌లోనే బ్రామ్లీ 15-7తో ఓడించింది. లైట్లు వేసుకునే వీలు లేదు, అందుకే పగలు ఆడారు. ఎందుకు లేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాను. మా పక్కింటి పెద్దాయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఈ కప్ గురించి మొదట నాకు చెప్పింది ఆయనే. ఆ తర్వాత ఆసక్తి పెరిగి దొరికినదల్లా చదివాను.

ఈ కప్ 1965లో మొదలైంది. అప్పుడు బీబీసీ2 అధిపతి డేవిడ్ అటెన్‌బరో. అవును, అడవులూ జంతువుల కార్యక్రమాల అటెన్‌బరోనే. కొత్త చానెల్‌కి మంగళవారం రాత్రి చూపించడానికి ఏదో ఒకటి కావాలి, ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులకి డబ్బు కావాలి. ఓడితే ఇంటికే, అలాంటి నాకౌట్. మొదట ఎనిమిది క్లబ్బులే ఆడాయి, ఎందుకంటే గ్రౌండ్‌లో ఫ్లడ్‌లైట్లు ఉంటేనే ఎంట్రీ. దాంతో మిగతా క్లబ్బులు కూడా ఎలాగోలా లైట్లు పెట్టించుకోవడం మొదలుపెట్టాయి. మొదటి మూడేళ్ళూ కాజిల్‌ఫర్డ్‌దే కప్. ఆ జట్టు ఆటని నడిపించే హాఫ్‌బ్యాక్‌లు అలన్ హార్డిస్టీ, కీత్ హెప్‌వర్త్ పేర్లు చెబితే మా పెద్దాయన ముఖం ఇప్పటికీ వెలిగిపోతుంది. ఇంట్లో బీబీసీ2 వచ్చే కొత్త రకం టీవీ లేక, మంగళవారం వచ్చిందంటే టీవీ ఉన్నవాళ్ళింట్లో చేరేవాళ్ళట. వాళ్ళకి చూపించింది కూడా రెండో సగమే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు మనం చూస్తున్న రగ్బీ లీగ్ రూపుదిద్దుకోవడంలో ఈ కప్‌కి పెద్ద చెయ్యి ఉంది. అంతకుముందు బంతి చేతిలో ఉన్న జట్టుని ఎన్నిసార్లు పట్టి పడగొట్టినా బంతి వాళ్ళదే. లేచి మళ్ళీ పరిగెత్తడమే. ఒక్కోసారి పది నిమిషాలు ఇదే తంతు. 1966లో ఈ కప్‌లోనే నాలుగు టాకిళ్ళ నియమం (టాకిల్ అంటే ఇలా పట్టి పడగొట్టడమే) ప్రయోగించి చూశారు. నాలుగోసారి పట్టుబడితే బంతి వదులుకోవాల్సిందే. ప్రో కబడ్డీలో రెండు ఖాళీ రైడ్ల తర్వాత ‘డూ ఆర్ డై’ ఎలా వస్తుందో, అలా ఆటకి ఒక్కసారిగా ఊపొచ్చింది. ఆ నియమం మిగతా పోటీలకీ పాకింది. 1972లో నాలుగు కాస్తా ఆరయింది, ఇప్పటికీ ఆరే.

ఇక 1973. నవంబర్ 12 నుంచి బొగ్గు గని కార్మికులు జీతాల కోసం ఓవర్‌టైం చెయ్యబోమని భీష్మించుకున్నారు. అటు అరబ్ దేశాల నుంచి చమురు కష్టం. మర్నాడే ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించి, ఫ్లడ్‌లైట్లకీ ప్రకటనల బోర్డులకీ కరెంటు వాడకం మీద ఆంక్షలు పెట్టింది. డిసెంబర్‌లో టీవీ ప్రసారాలు కూడా రాత్రి పదిన్నరకే ఆపేయించారు. జనవరి 1 నుంచి అయితే ఫ్యాక్టరీలకి వారానికి మూడు రోజులే కరెంటు.

నాకు మనసులో గుచ్చుకునేది ఇక్కడే. కాజిల్‌ఫర్డ్, ఫెదర్‌స్టన్ లాంటి ఊళ్ళలో ఈ ఆట ఆడినవాళ్ళలో, చూసినవాళ్ళలో చాలామంది ఆ గనుల్లో దిగినవాళ్ళే. వాళ్ళు తవ్విన బొగ్గుతోనే కరెంటు, ఆ కరెంటుతోనే వాళ్ళ మంగళవారం మ్యాచ్. ఆ మాట ఎత్తితే పెద్దాయన తడుముకోరు. ఆ జీతంతో ఇల్లు గడవలేదు, మ్యాచ్ పగలు చూడలేకపోతే పోయింది అంటారు. షిఫ్టులో ఉన్నవాడికి మంగళవారం మధ్యాహ్నం మ్యాచ్‌కెళ్ళడం ఎలా కుదురుతుంది చెప్పండి?

అలాంటి రోజు గెలిచింది బ్రామ్లీ. లీడ్స్‌లో ఒక పేట జట్టు. అదే నగరంలో లీడ్స్ అనే పెద్ద క్లబ్ ఉండగా దాని నీడలో దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1907లో న్యూజిలాండ్ జట్టు తొలి పర్యటనలో మొదటి మ్యాచ్ ఆడింది వీళ్ళతోనే. అంత పాత క్లబ్‌కి అప్పటివరకు చెప్పుకోదగ్గ కప్ ఒక్కటీ లేదు. హల్ క్లబ్ నుంచి వచ్చిన ఫుల్‌బ్యాక్ (అందరికంటే వెనక ఉండే ఆటగాడు) ఆర్థర్ కీగన్ ఆడుతూనే కోచ్‌గా నడిపించి ఆ తొలి కప్ తెచ్చిపెట్టారు. మళ్ళీ అలాంటిది రాలేదు, 1999లో క్లబ్బే మూతపడింది. ఈ కప్ నడిచిన పదిహేను సీజన్లలో నాకు ఎక్కువ ఇష్టమైంది ఇదే.

మిగతావి చప్పగా ఉన్నాయని కాదు. 1974 ఫైనల్లో సాల్ఫర్డ్, వారింగ్టన్ 0-0తో ముగించి, మళ్ళీ ఆడితే సాల్ఫర్డ్ 10-5తో గెలిచింది. 1979లో హల్ నగరంలోని రెండు జట్లే ఫైనల్లో తలపడ్డాయి, హల్ 13-3తో నెగ్గింది. ఆ తర్వాత బీబీసీ ఖర్చులు తగ్గించుకుంటూ కప్‌ని ఆపేసింది.

మీరు ఇటు వచ్చే ఆలోచన ఉంటే ఫిబ్రవరి చివర్లో గానీ మార్చిలో గానీ కాజిల్‌ఫర్డ్‌లో రాత్రి మ్యాచ్ ఒకటి చూడండి. వెల్డన్ రోడ్ గ్రౌండ్ పాతదే. ముందు వరుస రెయిలింగ్ దగ్గర నిలబడితే టాకిల్ చప్పుడు ఛాతీకి తగులుతుంది, ఆటగాళ్ళ వీపుల నుంచి ఆవిరి లేస్తుంటుంది. మందపాటి సాక్సులు రెండు జతలు వేసుకోండి, కింద కాంక్రీటు కాళ్ళని గడ్డకట్టిస్తుంది.