బ్రేకు కీచుమంటే వణుకు

ప్రశ్న: రోడ్డు ప్రమాదం నుంచి బయటపడి 8 నెలలైంది. గాయాలు మానినా, బ్రేకు కీచుమంటే చాలు, చేతులు చల్లబడి గుండె దడదడలాడుతోంది. నేను పిరికిదాన్నయ్యానా?

జవాబు: లేదు, ఇది పిరికితనం కానే కాదు. ప్రాణాపాయం ఎదురైనప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఆనాటి శబ్దాలను ప్రమాద సూచనలుగా పదిలపరచుకొని, అవి మళ్లీ వినబడగానే, మీరు ఆలోచించేలోపే శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. ఇన్నాళ్లూ ఈ భయాన్ని మీరొక్కరే మోశారన్నదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. దడ మొదలవగానే పాదాలను నేలకు గట్టిగా ఆనించి, ఎదురుగా కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెబుతూ, ఊపిరిని నెమ్మదిగా వదలండి. అది తాత్కాలిక ఉపశమనమే. ఇలాంటి లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (భయానక ఘటన తర్వాత మనసును వదలని ఒత్తిడి సమస్య) కావచ్చు కనుక, ఆ జ్ఞాపకాన్ని సురక్షితంగా, కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చికిత్స చేయగల సైకాలజిస్టును ఈ వారంలోనే కలవండి.