చిత్రకారిణి ఎన్జిడెకా అకున్యిలి క్రాస్బీ వేసిన బొమ్మల్లో మనుషుల ఒంటిమీద, గోడలమీద అన్ని ఫొటోలు ఎందుకు?

అది డిజైన్ కోసం అతికించిన కొలాజ్ అనుకుని చాలామంది దాటేస్తారు, కానీ అసలు కథంతా అక్కడే ఉంది. ఆమె 1983లో నైజీరియాలోని ఎనుగులో పుట్టింది, పదహారేళ్లకే అమెరికా వెళ్లి ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉంటోంది, భర్త తెల్లజాతి అమెరికన్. దూరం నుంచి చూస్తే మామూలు ఇల్లే: సోఫా, టేబుల్, టీ కప్పులు, తల వంచుకుని కూర్చున్న ఒక నల్లజాతి అమ్మాయి. దగ్గరికెళ్తే గోడా, నేలా, కొన్నిచోట్ల ఒళ్లు కూడా చిన్నచిన్న ఫొటోలతో నిండి ఉంటాయి. ఇంటి ఆల్బమ్ ఫొటోలు, నైజీరియా పత్రికల్లోని పాప్ గాయకులు, రాజకీయ నాయకులు.

పద్ధతి సింపుల్. ఫొటో కాపీని కాగితంమీద బోర్లా పెట్టి, వెనక నుంచి రసాయనం రుద్దితే సిరా కిందికి దిగుతుంది, కాస్త వెలిసిపోయినట్టు, అద్దంలో చూసినట్టు తిరగబడి. జ్ఞాపకం కూడా అలాగే కదా ఉండేది!

నాకు బాగా నచ్చేది గుడ్డ సంగతి. వాళ్లమ్మ డోరా అకున్యిలి నకిలీ మందుల మీద పోరాడిన అధికారి, తర్వాత మంత్రి, 2014లో చనిపోయారు. నైజీరియాలో ఎన్నికలకీ అంత్యక్రియలకీ మనిషి ముఖం అచ్చేసిన బట్టలు వేయిస్తారు, అలా అమ్మ ముఖం ఉన్న బట్ట కూతురి బొమ్మల్లో కనిపిస్తుంది. 'నల్లజాతి' అనే పెద్ద మాట ఎనుగు ఇంట్లో అక్కర్లేదు, అమెరికాలో అడుగడుగునా తగులుతుంది. అందుకే ఆమె బొమ్మల్లోని మనుషులు ఒకే గదిలో రెండు ఊళ్లలో కూర్చున్నట్టుంటారు.