గురుగ్రహం మీది పట్టీలు నేలా, మేఘాలా?

గురుగ్రహం ఫొటోలలో కనిపించే తెలుపు, గోధుమరంగు పట్టీలు దాని నేలేనా, అక్కడ వాన కురుస్తుందా అని మీరు అడిగారు. అవి నేల కాదు, పూర్తిగా మేఘాలే. ఈ సంగతి అంతకు ముందే చదివి ఉన్నా, నాకు కళ్ళారా తెలిసింది 2010 సెప్టెంబరులో, బెంగళూరు బనశంకరిలోని మా మేడ మీద.

వారం రోజులు ముసురు పట్టి, ఒక రాత్రి పదకొండు దాటాక తెరిపిచ్చింది. నా ఆరంగుళాల టెలిస్కోపులో గురుడి మధ్యరేఖకు చెరోవైపు ఉండవలసిన రెండు ముదురు పట్టీలలో ఒకటే కనిపించింది. అద్దానికి చెమ్మ పట్టిందేమోనని, తుడవకూడదని తెలిసి కూడా తుడిచాను; కన్ను పెట్టి చూసే కటకం, అంటే ఐపీసు, మార్చాను. పక్క వాటాలో ఉండే అనంతపురం పెద్దాయన కూడా చూసి, "ఒక్క బెల్టే ఉంది కదప్పా" అన్నారు.

దోషం అద్దానిది కాదు. ఆ ఏడాది దక్షిణపు పట్టీ మీద తెల్లని అమ్మోనియా మంచు మేఘాలు ఎత్తున కమ్ముకుని, కింది గోధుమరంగు మేఘాలను కప్పివేశాయి. నేలే అయితే అలా మాయమవుతుందా?

అన్నిటికన్నా పైన అమ్మోనియా మేఘాలు, వాటి కింద అమ్మోనియా, గంధకం కలిసిన మేఘాలు, ఇంకా లోతున మన మేఘాల వంటి నీటి మేఘాలు ఉంటాయని అంచనా. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న విషయం నీటి ఆవిరి బరువు. భూమి మీద తేమ గాలి పొడి గాలికన్నా తేలిక కాబట్టి సులువుగా పైకి లేస్తుంది. గురుడి గాలి ఎక్కువగా హైడ్రోజనే కావడంతో అక్కడ తేమ గాలే బరువు. అందువల్ల లోపలి వేడి చాలాకాలం అణగి ఉండి, పైకి లేచినప్పుడు ఒక్కసారిగా పెనుతుపానుగా విరుచుకుపడుతుందని ఒక వివరణ ఉంది.

వాన మాట కూడా చెప్పాలి. 2016లో గురుడిని చేరిన జూనో అంతరిక్ష నౌక, నీరు ద్రవంగా ఉండలేనంత చల్లని ఎత్తులలో మెరుపులను పట్టుకుంది. అంత చలిలోనూ నీటి మంచును అమ్మోనియా కరిగించడం వల్ల అక్కడ నీరు, అమ్మోనియా కలిసిన మెత్తని వడగళ్ళు తయారవుతాయని శాస్త్రజ్ఞులు 2020లో ప్రతిపాదించారు. అవి రాలినా పడడానికి నేల లేదు, లోపలి వేడికి మళ్ళీ ఆవిరైపోతాయి. గెలీలియో నౌక జారవిడిచిన పరికరం 1995 డిసెంబరు 7న గురుడి మేఘాలలోకి సుమారు గంటసేపు దిగుతూ, మన గాలి పీడనానికి ఇరవై రెట్లు దాటిన లోతు వరకు సమాచారం పంపింది. నేల ఆనవాలు దొరకలేదు, నీరూ అనుకున్నంత కనిపించలేదు. అది దిగిన చోటు అసాధారణంగా పొడిగా ఉండడమే కారణం, వేసవిలో అనంతపురంలో నిలబడి దేశమంతటా వానలు లేవన్నట్టు!

మళ్ళీ మా మేడ సంగతికి వస్తే, 2010 నవంబరులో, మాయమైన పట్టీ ఉన్న చోటే ఒక తెల్లని మేఘం ఉబికి లేచి, దాని వెంట ముదురు మరకలు సాగాయి. సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చిన పెద్దాయనను మళ్ళీ మేడ మీదికి పిలిచాను. ఆయన చాలాసేపు చూసి, "రెండోది కట్టుకున్నాడప్పా" అన్నారు.