కృప పొందానా, పొందుకున్నానా?

సందేహం: మా చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లంతా ‘దేవుని కృప పొందుకున్నాను’ అంటారు. ఈమధ్య కుర్రకారు ‘దేవుని ఫేవర్ దొరికింది’ అంటున్నారు. ‘పొందు’ అంటే సరిపోదా? మళ్లీ ‘కొను’ ఎందుకు? తప్పు కాదా?
– ఒక పాఠకురాలు, మెట్టుగూడ, సికింద్రాబాద్

సమాధానం: తప్పు అనలేనమ్మా. పని ఫలం చేసినవాడికే చెందితే ‘కొను’ చేరుస్తాం: వండుకున్నాడు, తెచ్చుకున్నాడు. ‘పొందు’లో ఆ ఫలం ముందే ఉంది కాబట్టి మీకది అదనంగా తోచింది. కానీ ‘నేర్చు’ సంగతి చూడండి. ‘విద్య నేర్చెను’ అని కావ్యాల్లో సరిపోయింది. ఇవాళ ‘ఈత నేర్చాను’ అంటే నవ్వుతారు, ‘నేర్చుకున్నాను’ అనాల్సిందే. ‘పొందుకొను’ కూడా ఆ దారే పట్టింది, చర్చి గడప మాత్రం పెద్దగా దాటలేదు. పింఛను తెచ్చుకున్నవాళ్లెవరూ ‘పింఛను పొందుకున్నాను’ అనగా నేను వినలేదు.

నా ఇబ్బంది వ్యాకరణంతో కాదు, అర్థంతో. గెలుచుకొను, దక్కించుకొను, సంపాదించుకొను – ఈ వరసలో నిలబడ్డాక ‘పొందుకొను’కీ కాస్త సొంత పూనిక వాసన అంటుతుంది. ఎఫెసీయుల పత్రిక (2:8) కృప గురించి చెప్పేది అందుకు ఎదురు: ‘ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే’. లూకా సువార్తలో (1:30) దూత మరియతో ‘దేవునివలన నీవు కృపపొందితివి’ అంటాడు. గ్రీకు మూలంలో అక్కడున్న క్రియకు ‘కనుగొన్నావు’ అని అర్థం. మనవాళ్లు దాన్ని మక్కికిమక్కి దించలేదు, బతికించారు!

అంతకు రెండు వచనాల ముందున్న ‘దయాప్రాప్తురాలా’ ఇంకా ముచ్చటైనది. దయను ప్రాప్తించినది, అంటే పొందినది. ద్వితీయా తత్పురుషానికి, అంటే ‘దయను’లోని ‘ను’ లోపించి కుదిరే ఇలాంటి సమాసానికి, పాణిని చెప్పిన మాటల్లో ‘ప్రాప్త’ ఒకటి. దానికి ‘ఆలు’ చేరి, రుగాగమంతో, అంటే మధ్యలో ‘ర’కారం వచ్చి, గుణవంతురాలిలాగే ప్రాప్తురాలైంది. అదే పలకరింపు కతోలిక జపంలో ‘దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా’ అని వినబడుతుంది. అది లాటిన్ బైబిలు వెంట నడిచింది. అక్కడ ‘నిండిన’ అనే ఉంది.

మీ నోటికి ‘కృప పొందాను’ చాలు. ‘దేవుడు నాకు కృప చూపాడు’ అంటే కర్త దేవుడే అవుతాడు, నాకదే ఎక్కువ ఇష్టం. ‘నాకు కృప కలిగింది’ అన్నా బాగుంటుంది. నిద్ర వచ్చినట్టు, వెక్కిళ్లు వచ్చినట్టు, మన ప్రమేయం లేకుండా జరిగేవి తెలుగులో ‘నాకు’ అనే మొదలవుతాయి.

ఇక ‘ఫేవర్’. ఆఫీసుల్లో ‘వాడికి ఫేవర్ చేశారు’ అంటే పక్షపాతం చూపారనే. మన హైదరాబాదులో ‘మెహర్బానీ’కీ ఈ గతే పట్టింది: ‘నీ మెహర్బానీ ఏం అక్కర్లేదు’ అన్నప్పుడు తప్ప ఆ మాట నాకు వినబడటం తక్కువ. కుర్రవాళ్లకు కొత్త మాటే కావాలంటే ‘కటాక్షం’ ఉంది, కడగంటి చూపు. గుడి మాట అని వెనకాడతారేమో. ఆదికాండం (6:8) నోవహును ‘యెహోవా దృష్టియందు కృప పొందినవాడు’ అన్నప్పుడు అక్కడున్నదీ చూపే.